డోస్ పెంచితే చుంచెలుక పరుగు ఎందుకు తగ్గింది? యాక్టోఫోటోమీటర్ లెక్కతో తంటా

ఫార్మా_పిల్ల | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఎంఫార్మ్ మొదటి సంవత్సరం, ఫార్మకాలజీ, వైజాగ్‌లోనే. గురువారం రికార్డు సంతకం పెట్టించుకోవాలి. ఒక చోట ఆగిపోయాను.

ప్రయోగం మామూలుదే. స్విస్ ఆల్బినో చుంచెలుకలు ఆరు. ఉత్తేజక మందు మూడు డోసుల్లో, కిలోకి 10, 30, 100 మిల్లీగ్రాములు, పొట్టలోకి ఇంజెక్షన్. అరగంట ఆగి యాక్టోఫోటోమీటర్‌లో, అంటే కదలికలు లెక్కపెట్టే పెట్టెలో, పది నిమిషాలు. మందు లేని ఒట్టి ఉప్పునీళ్లు, అంటే సెలైన్, ఇచ్చినప్పటి లెక్క కంటే 10 దగ్గర పెరిగింది. 30 దగ్గర ఇంకాస్త పెరిగింది. 100 దగ్గర మాత్రం సెలైన్ కంటే కిందికి పడిపోయింది. గ్రాఫ్ గీస్తే కైలాసగిరి ఎక్కి దిగినట్టుంది.

"ఎక్కువ డోసులో మత్తు వచ్చింది అని రాసేద్దాం" అంటున్నాడు నా పార్ట్‌నర్. నాకు మనసొప్పట్లేదు. ఉత్తేజకం మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని పెంచుతుంది, డోపమైన్ పెరిగితే ఎలుక పరిగెడుతుంది. మరింత పెరిగితే మరింత పరిగెత్తాలి కదా? సార్‌ని అడిగితే "ఆలోచించి రండి" అని నవ్వి వెళ్లిపోయారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది, ముందే చెప్పేస్తున్నా.

పాత_వాల్తేరు_మాస్టారు | ఆదివారం రాత్రి 10:25

అమ్మాయ్, మీ సారు నవ్వాడంటే సగం జవాబు చెప్పినట్టే. ఒక్క ప్రశ్న అడుగుతాను. లెక్క తగ్గినప్పుడు ఎలుక ఏం చేస్తోంది? నువ్వు అంకె చూశావు. ఎలుకని చూశావా?

ముప్ఫై ఏళ్లు ఆ పెట్టెల ముందు కూర్చున్నవాణ్ణి. వాటికి కళ్లుండవు. లోపల కొన్ని వెలుగు కిరణాలు అడ్డంగా పోతుంటాయి, ఎలుక వాటిని దాటితే ఒక అంకె పడుతుంది, అంతే.

ఆంఫెటమైన్ అనే ఉత్తేజకం సంగతి చూడు. ఎలుకకి కిలోకి ఒక మిల్లీగ్రాము ఇస్తే పెట్టెంతా తిరుగుతుంది, గోడ వెంబడి పరుగులు పెడుతుంది, వెనక కాళ్ల మీద లేచి వాసన చూస్తుంది. అంకె ఎగబాకుతుంది. అదే ఐదు ఇస్తే కాసేపు తిరిగి ఒక మూల చేరుతుంది. నిద్రపోదు. తల అటూ ఇటూ ఊపుతూ అదే చోట వాసన చూడ్డం, చువ్వని నాకడం, కొరకడం, మళ్లీ నాకడం. గంట సేపు అదే పని. స్టీరియోటైపీ అంటాం. 1960ల్లో డెన్మార్క్‌లో రాండ్రుప్, ముంక్‌వాడ్ అనే ఇద్దరు ఓపిగ్గా కూర్చుని దీన్నంతా రాసిపెట్టారు. మందు ప్రభావం తగ్గలేదు, పెరిగింది. పెట్టెకి మాత్రం ఎలుక ఊరికే కూర్చున్నట్టే లెక్క.

ఇంకో తిరకాసు ఉంది. ఆ మూల సరిగ్గా కిరణం పక్కనే ఉందనుకో, తల ఊపిన ప్రతిసారీ అంకె పడుతుంది. అప్పుడు కూర్చున్న ఎలుక పరిగెత్తే ఎలుకని మించిపోతుంది!

సినాప్స్_సీతమ్మధార | ఆదివారం రాత్రి 11:02

మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. పరుగూ, కొరుకుడూ మెదడులో ఒకే చోటు నుంచి రావు. 1975లో కెల్లీ, సెవియర్, ఐవర్సన్ ముగ్గురూ కలిసి ఒక ముచ్చటైన పని చేశారు. 6-హైడ్రాక్సీడోపమైన్ అనే విషం డోపమైన్ కణాల కొసల్ని ఎంచుకుని చంపుతుంది. కొన్ని ఎలుకలకి దాన్ని మెదడు లోపల న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట పెట్టారు, కొన్నిటికి దాని పైనున్న కాడేట్ అనే చోట. తర్వాత ఆంఫెటమైన్ ఇచ్చారు. అక్యుంబెన్స్ పోయిన ఎలుకల్లో పరుగు పడిపోయింది. కాడేట్ పోయినవాటిలో కొరుకుడు, నాకుడు పడిపోయాయి.

అంటే చిన్న డోసులో అక్యుంబెన్స్ మాట చెల్లుతుంది, పెద్ద డోసులో కాడేట్ గొంతు పైకి వస్తుంది. "డోపమైన్ పెరిగింది" అంటే చాలదు. ఎక్కడ పెరిగింది అని కూడా అడగాలి.

గాజువాక_బావ | సోమవారం ఉదయం 6:15

ఏటండీ ఇదంతా. నైట్ డ్యూటీ దిగి టీ తాగుతా చదివాను. డోపమైన్ అంటే ఆనందం హార్మోన్ అని మా బుల్లోడు రోజూ చెప్తాడు. రీల్స్ చూస్తే డోపమైన్, బిర్యానీ తింటే డోపమైన్. ఈ ఎలక చువ్వలు కొరుక్కుంటా ఆనందంగా ఉందేటి మరి?

సినాప్స్_సీతమ్మధార | సోమవారం ఉదయం 8:30

బావగారూ, మంచి ప్రశ్నే వేశారు. మీ బుల్లోడి మాటకి ఒక పాత కథ ఉంది. 1954లో కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్న తీగ పెట్టారు. మీట నొక్కితే తీగలో చిన్న కరెంటు పోతుంది. ఎలుకలు ఆ మీటని గంటకి వందలసార్లు, కొన్ని వేలసార్లు నొక్కాయి. దాంతో "ఆనంద కేంద్రం" అనే పేరు వచ్చి స్థిరపడిపోయింది. తర్వాత ఆ దారిలో డోపమైన్ ఉందని తేలడంతో ఆనందం కాస్తా దాని ఖాతాలో పడింది.

అసలు తిరకాసు కెంట్ బెరిడ్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త చేసిన పనుల్లో ఉంది. మెదడులో డోపమైన్ దాదాపు అంతా పోగొట్టిన ఎలుకలు తమంతట తాము తిండి ముట్టవు, నీళ్లు ముట్టవు. నోట్లో చక్కెర నీళ్లు వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే పెదాలు నాక్కుంటాయి. చేదు వేస్తే మొహం చిట్లిస్తాయి. రుచి తెలుస్తోంది, బాగుంది కూడా. లేనిది లేచి వెళ్లి తెచ్చుకోవాలన్న కోరిక. 1995లో జౌ, పామిటర్ పుట్టుకతోనే డోపమైన్ తయారుకాని చుంచెలుకల్ని సృష్టించారు. రోజూ ఎల్-డోపా, అంటే ఒంట్లో డోపమైన్‌గా మారే మందు, ఇవ్వకపోతే కళ్లముందు తిండి ఉన్నా తినక కొన్ని వారాల్లోనే చచ్చిపోయాయి.

కాబట్టి ఆ చువ్వ కొరికే ఎలుక ఆనందంగా ఉందని నేననుకోను. ఆగలేకపోతోంది, అంతే.

గాజువాక_బావ | సోమవారం ఉదయం 8:41

బాబోయ్. మా బుల్లోడు ఫోన్ చూసేటప్పుడు మొకం అలగే ఉంటాది.

పాత_వాల్తేరు_మాస్టారు | సోమవారం ఉదయం 9:10

ఎల్-డోపా మాట వచ్చింది కాబట్టి మన దేశం మొక్క ప్రస్తావన ఒకటి. సర్పగంధ వేరులోంచి తీసిన రిసర్పిన్ రక్తపోటుకి వాడేవారు. 1950ల చివర్లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకి ఇచ్చాడు. చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇచ్చాడు, లేచి కూర్చున్నాయి. అప్పటిదాకా డోపమైన్‌ని నార్‌ఎడ్రినలిన్ అనే ఇంకో రసాయనం తయారీలో మధ్య మెట్టుగానే చూసేవారు. 2000లో ఆయనకి నోబెల్ వచ్చింది. క్లాసులో ఈ కథ చెప్తే వెనక బెంచీ కూడా తల ఎత్తేది.

పెందుర్తి_78 | సోమవారం ఉదయం 11:50

కొకైన్, ఆంఫెటమైన్ రెండూ డోపమైన్ పెంచుతాయి అంటారు. తేడా ఏమిటి? మా టెక్స్ట్‌బుక్‌లో ఒక లైనే ఉంది.

సినాప్స్_సీతమ్మధార | సోమవారం మధ్యాహ్నం 1:20

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగిందనుకో. జనం దిగుతారు, ప్లాట్‌ఫామ్ మీద కాసేపు తిరుగుతారు, కండక్టర్ పిలవగానే అదే తలుపులోంచి మళ్లీ ఎక్కుతారు. జనం డోపమైన్. ప్లాట్‌ఫామ్ రెండు కణాల మధ్య ఖాళీ. ఆ తలుపు డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్.

కొకైన్ తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. దిగినవాళ్లు ఎక్కలేరు, ప్లాట్‌ఫామ్ కిక్కిరిసిపోతుంది. అయితే బస్సు ఆగితేనే కదా జనం దిగేది. కణం సంకేతం పంపకపోతే కొకైన్ చేయగలిగింది తక్కువ. రిటాలిన్‌లో ఉండే మిథైల్‌ఫెనిడేట్ కూడా ఈ జాతే.

ఆంఫెటమైన్ ఇంకా గడుసుది. టికెట్ కొన్నట్టు అదే తలుపులోంచి లోపలికి ఎక్కుతుంది. సీట్లలో కూర్చున్నవాళ్లని లేపుతుంది, అంటే బుడగల్లో భద్రంగా ఉన్న డోపమైన్‌ని బయటికి లాగుతుంది. ఆ తర్వాత తలుపుని తిరగేస్తుంది. ఎక్కాల్సిన దారిలోంచే అందరూ దిగిపోతారు. బస్సు నడుస్తున్నా సరే.

దీన్ని తలుపే పీకేసి పరీక్షించారు. 1996లో గిరోస్, కారన్ బృందం ట్రాన్స్‌పోర్టర్ జన్యువు లేని చుంచెలుకల్ని తయారుచేసింది. వాటిలో విడుదలైన డోపమైన్ మామూలు కంటే కనీసం 100 రెట్లు ఎక్కువసేపు ఖాళీలో నిలిచింది. ఏ మందూ ఇవ్వకుండానే అవి ఆగకుండా పరుగులు. కొకైన్ ఇచ్చినా, ఆంఫెటమైన్ ఇచ్చినా ఆ పరుగు ఇంకేమీ పెరగలేదు. కథ ముగిసిందనుకున్నారు. రెండేళ్లకి అవే రకం చుంచెలుకలు మీట నొక్కి కొకైన్ ఎక్కించుకున్నాయి! తలుపు లేకపోయినా కొకైన్ మీద మోజు ఉంది. కొకైన్ సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ తలుపులకి కూడా అడ్డం పడుతుంది కదా, చూపు అటు తిరిగింది. 1999లో ఇంకో వింత. ఆ పరుగుల చుంచెలుకలకి మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే నెమ్మదించాయి, వాటి డోపమైన్ మారకుండానే.

భీమిలి_రోడ్డు | సోమవారం సాయంత్రం 4:05

ఇందులో చెప్పిన చివరి మందు పరీక్షలకి రాత్రంతా చదవడానికి పనికొస్తుందని విన్నాను. వైజాగ్‌లో చీటీ లేకుండా

[ఈ పోస్టులో మిగతా భాగం తొలగించబడింది]

వేదిక_నిర్వాహకులు | సోమవారం సాయంత్రం 4:20

ఆ మందు మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్ చట్టం, 1985) కింద నియంత్రణలో ఉంది. ఎక్కడ దొరుకుతుంది, ఎంత వేసుకోవాలి అనే మాటలు ఈ వేదికలో కుదరవు. ఎలుకల డోసులు ఎలుకలకే. చర్చ కొనసాగించండి.

ఎంవీపీ_అమ్మ | సోమవారం రాత్రి 8:50

నేను సైన్సు చదువుకున్నదాన్ని కాదు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఏడీహెచ్‌డీ అని డాక్టరుగారు మిథైల్‌ఫెనిడేట్ రాశారు. ఆరు నెలలుగా వాడుతున్నాం. బళ్లో కూర్చోగలుగుతున్నాడు, టీచరమ్మ కూడా బాగుందన్నారు. కొకైన్ జాతే అని ఇక్కడ చదివినప్పటి నుంచి చేతులు ఆడట్లేదు. రాత్రి మాత్ర ఇవ్వాలా వద్దా అని కూర్చున్నాను.

సినాప్స్_సీతమ్మధార | సోమవారం రాత్రి 9:05

అమ్మా, ముందు క్షమించండి. ఆ మాట అలా విసిరేయకుండా ఉండాల్సింది. మందు మీ అంతట మీరు ఆపకండి. అనుమానం ఏదున్నా రాసిన డాక్టరుగారినే అడగండి, రేపే ఫోన్ చేయండి.

నేను జాతి అన్నది తలుపుకి అడ్డం పడే పద్ధతి గురించి. మెదడుకి ఎంత చేరింది, ఎంత వేగంగా చేరింది అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. రక్తనాళంలోకి ఎక్కించిన కొకైన్ నిమిషాల్లో మెదడుకి చేరి డోపమైన్‌ని ఒక్కసారిగా ఎగదోస్తుంది. నోటి ద్వారా వేసిన చిన్న డోసు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఎలుకల్లోనే చూశారు కూడా. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, పిల్లలకి ఇచ్చే స్థాయికి సరిపోయే తక్కువ డోసు మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో డోపమైన్, నార్‌ఎడ్రినలిన్ బాగా పెరిగాయి. అక్యుంబెన్స్‌లో పెరిగింది చాలా తక్కువ. ఆ డోసులో ఎలుకలు పరుగులు పెట్టలేదు, జ్ఞాపకం పరీక్షలో మెరుగయ్యాయి. పరుగులు పెట్టించే డోసు దానికి ఎన్నో రెట్లు.

పాత_వాల్తేరు_మాస్టారు | సోమవారం రాత్రి 9:30

తల్లీ, సినాప్స్ చెప్పింది నిజం. మందూ విషమూ ఒకే సీసాలో ఉంటాయి, గీత ఎక్కడ గీస్తామన్నదే వైద్యం. పిల్లాడికి ఆకలి, నిద్ర, బరువు ఎలా ఉన్నాయో ఒక కాగితం మీద రాసిపెట్టుకుని ఈసారి డాక్టరుకి చూపించు. వాళ్లకి అది చాలా పనికొస్తుంది.

ఎంవీపీ_అమ్మ | సోమవారం రాత్రి 9:44

సరేనండి. ఆకలి కొంచెం తగ్గింది నిజమే, రాస్తాను. పొద్దున్నే ఫోన్ చేస్తాను.

మూగప్రాణి | మంగళవారం ఉదయం 7:30

ఇంత తెలిసిపోయాక మళ్లీ ఆరు ఎలుకలకి సూదులు పొడవడం ఎందుకు? పుస్తకంలో ఉన్నది పుస్తకంలో చదువుకోలేరా? పుదుచ్చేరి జిప్‌మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్లోనే ఇవన్నీ చేయొచ్చు.

పాత_వాల్తేరు_మాస్టారు | మంగళవారం ఉదయం 8:15

బీఫార్మ్ వరకు నేను మీతో ఏకీభవిస్తాను. మా రోజుల్లో తరగతికి ఎన్ని ప్రాణాలు పోయేవో తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఎంఫార్మ్ వాళ్లు రేపు కొత్త మందుల్ని పరీక్షించాల్సినవాళ్లు, వాళ్లకి చెయ్యి తిరగాలి. జంతు ప్రయోగాల మీద కేంద్ర కమిటీ నిబంధనలున్నాయి, కాలేజీలో నైతికతా సంఘం ఉంటుంది, ప్రతి ఎలుకకీ లెక్క చెప్పాలి. కానీ మీ మాటలో ఒక ముల్లు ఉంది, దాన్ని ఒప్పుకుంటున్నాను. ప్రయోగం తప్పుగా కడితే ఎలుకకి పొడిచిన సూది వృథా.

సినాప్స్_సీతమ్మధార | మంగళవారం ఉదయం 8:40

ఆ మాట చదివాక ఫార్మా_పిల్ల మొదటి పోస్టు మళ్లీ చూశాను. రెండు రోజులుగా మనం ఆంఫెటమైన్ పురాణం చెప్తున్నాం. ఆమె మందు పేరే చెప్పలేదు! డోసులు 10, 30, 100. ఆంఫెటమైన్ కిలోకి 100 పొట్టలోకి ఇస్తే ఆ ఆరూ మిగిలేవని నేననుకోను, అందులోనూ ఒకే బోనులో ఉంటే. చుంచెలుకల్ని గుంపుగా ఉంచితే ఆంఫెటమైన్ విషం ఎన్నో రెట్లు పెరుగుతుందని 1940లోనే తెలుసు. ఒంటి వేడి ఎక్కి చస్తాయి.

అమ్మాయ్, ఏ మందు?

ఫార్మా_పిల్ల | మంగళవారం ఉదయం 10:10

కెఫీన్ 😶

మా లైబ్రరీలో అన్ని పుస్తకాల్లోనూ "సీఎన్ఎస్ (కేంద్ర నాడీ వ్యవస్థ) ఉత్తేజకాలు" కింద కలిపే ఉంటుంది, అందుకే...

పాత_వాల్తేరు_మాస్టారు | మంగళవారం ఉదయం 10:32

హరి హరీ. ఎలుకని చూశావా అని అడిగినవాణ్ణి, సీసా మీది పేరు నేను చూడలేదు. స్టీరియోటైపీ గురించి నేను రాసింది ఆంఫెటమైన్‌కి నిజం. నీ పెట్టెలో జరిగింది అది కాకపోవచ్చు.

సినాప్స్_సీతమ్మధార | మంగళవారం మధ్యాహ్నం 12:15

ఇప్పుడు దారి మారింది. కెఫీన్ ఆ తలుపు జోలికి పోదు. మెదడులో అడినోసిన్ అని ఒకటుంది, మెలకువగా ఉన్నకొద్దీ పోగవుతూ "ఇక చాలు" అని బ్రేకు వేస్తుంది. కెఫీన్ ఆ బ్రేకు మీద కాలు పడకుండా అడ్డుకుంటుంది. కాడేట్, అక్యుంబెన్స్ ఉన్న ప్రాంతాన్ని స్ట్రయాటమ్ అంటారు. అక్కడ అడినోసిన్ వచ్చి అతుక్కునే ఏ2ఏ గ్రాహకాలూ, డోపమైన్ అతుక్కునే డీ2 గ్రాహకాలూ ఒకే కణాల మీద పక్కపక్కన కూర్చుని ఒకదాన్నొకటి లాగుతుంటాయి. ఏ2ఏని పక్కకి తప్పిస్తే డీ2దే పైచేయి. అలా డోపమైన్ పెరగకపోయినా, పెరిగినట్టు నడుస్తుంది కథ. అక్యుంబెన్స్‌లో కెఫీన్ డోపమైన్‌ని పెంచుతుందా అన్నదానికి 2002లో ఒక బృందం అవునంది, ఇంకో బృందం కాదంది. ఇద్దరూ ఎలుక మెదడులో సన్న గొట్టం పెట్టి కొలిచినవాళ్లే.

నీ కైలాసగిరి గ్రాఫ్ కెఫీన్‌కి మామూలే. చుంచెలుకల్లో తక్కువ, మధ్య డోసులు కదలిక పెంచుతాయి, 100 దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది. ఎందుకో 1997లో ఒక దారి తెరుచుకుంది. ఏ2ఏ గ్రాహకం లేని చుంచెలుకలకి కెఫీన్ ఇస్తే ఉత్తేజం రాలేదు సరికదా, తిరుగుడు తగ్గింది. అంటే కెఫీన్‌లో రెండు చేతులున్నాయి. ఏ2ఏ ద్వారా ముందుకి తోసేది ఒకటి, వేరే దారిలో వెనక్కి లాగేది ఇంకొకటి. డోసు ఎక్కువైతే రెండోది గెలుస్తుంది.

అరకు_డికాషన్ | మంగళవారం మధ్యాహ్నం 12:50

ఎట్టకేలకి నా సబ్జెక్టు వచ్చింది. కిలోకి 100 మిల్లీగ్రాములంటే నాకు ఆరు వేలు! ఎన్ని గ్లాసులు?

సినాప్స్_సీతమ్మధార | మంగళవారం మధ్యాహ్నం 1:05

అలా గుణించకూడదు. చుంచెలుక ఒళ్లు చిన్నది, మందుని గబగబా అరగదీస్తుంది. శరీర ఉపరితలం లెక్కన కిలో డోసుని సుమారు 12తో భాగించాలి. 10 అంటే అరవై కిలోల మనిషికి దాదాపు 50 మిల్లీగ్రాములు, అంటే అర కప్పు కాఫీ. 100 అంటే 500 దాకా. ఐదారు కప్పులు ఒక్క గుక్కలో తాగినట్టు.

అరకు_డికాషన్ | మంగళవారం మధ్యాహ్నం 1:11

అరకులో పండేది అరబికా, రోబస్టాలో ఉన్న కెఫీన్‌లో సగం దీనిలో. చికోరీ కలిపితే ఇంకా తక్కువ, దానిలో కెఫీనే ఉండదు. ఐనా ఐదు కప్పులు ఒకేసారి తాగితే నేనూ మూల కూర్చుంటాను. చేతులు వణుకుతాయి, గుండె దడ. నిద్ర మాత్రం రాదు. మత్తు అని రాస్తే తప్పే.

సినాప్స్_సీతమ్మధార | మంగళవారం మధ్యాహ్నం 1:30

ఫార్మా_పిల్లా, ఇంకో రెండు ప్రశ్నలు. మూడు డోసులకీ అవే ఆరు చుంచెలుకలా? ఏ వరసలో ఇచ్చారు?

ఫార్మా_పిల్ల | మంగళవారం సాయంత్రం 5:45

అవే ఆరు. మొదటి రోజు సెలైన్, రెండో రోజు 10, మూడో రోజు 30, నాలుగో రోజు 100. పార్ట్‌నర్ ఫోన్‌లో వీడియో ఉంది, రాత్రి చూస్తాను.

సినాప్స్_సీతమ్మధార | మంగళవారం సాయంత్రం 6:10

అయ్యో తల్లీ.

కొత్త పెట్టెలో పెడితే చుంచెలుక అంతా తిరిగి చూస్తుంది. రెండోసారి తక్కువ. నాలుగోసారికి ఆ పెట్టె దానికి అత్తారిల్లు కాదు, పుట్టిల్లు. ఏ మందూ ఇవ్వకపోయినా లెక్క తగ్గుతుంది. పైగా కెఫీన్‌కి రోజూ ఇస్తే అలవాటు పడతాయి. ఆంఫెటమైన్, కొకైన్ అయితే దీనికి ఎదురు. రోజు విడిచి రోజు అదే డోసు ఇస్తే పరుగు పెరుగుతూ పోతుంది, వారాల తర్వాత ఇచ్చినా ఆ పెరుగుదల నిలిచే ఉంటుంది. అదీ ఎక్కువగా మందు తీసుకున్న పెట్టెలోనే. ఇంటి బోనులో ఇస్తే అంత కనబడదు. స్థలం కూడా మందులో భాగమే అన్నమాట. దీని మీదే 1993లో రాబిన్సన్, బెరిడ్జ్ వ్యసనం గురించి ఒక సిద్ధాంతమే కట్టారు: తీసుకున్నకొద్దీ ఇష్టం పెరగదు, కావాలన్న తపన మాత్రం పదునెక్కుతుంది.

నీ నాలుగో రోజు లెక్కలో డోసు ఎంత, పెట్టె పాతబడ్డం ఎంత, అలవాటు ఎంత? మూడూ ఒకే అంకెలో కలిసిపోయాయి.

గాజువాక_బావ | మంగళవారం రాత్రి 7:20

మందు దొరికితే ఎలక ఇంకేటీ ముట్టుకోదు, చచ్చేదాకా మీట నొక్కుతాది అని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాత_వాల్తేరు_మాస్టారు | మంగళవారం రాత్రి 8:00

ఒంటరి బోనులో, వేరే ఏదీ లేకుండా, రాత్రీ పగలూ కొకైన్ అందుబాటులో ఉంచితే చాలా ఎలుకలు నెల తిరక్కుండా పోయాయి. 1985లో వచ్చింది ఆ పని. కానీ బావగారూ, ఇంకో మీట కూడా పెట్టి చూడాలి. 2007లో ఫ్రాన్స్‌లో బోర్డోలో ఒక మీటకి కొకైన్, ఇంకో మీటకి శాకరిన్ తీపి నీళ్లు పెట్టారు. 94 శాతం ఎలుకలు తీపి వైపు వెళ్లాయి. 2018లో మెథాంఫెటమైన్‌కీ, తోటి ఎలుకతో కాసేపు గడపడానికీ మధ్య ఎంచుకోమంటే తోటి ఎలుకనే ఎంచుకున్నాయి.

గాజువాక_బావ | మంగళవారం రాత్రి 8:06

మాడుగుల హల్వా పెడితే వంద శాతం ఒచ్చును.

ఫార్మా_పిల్ల | బుధవారం రాత్రి 10:30

వీడియో రెండుసార్లు చూశాను. 100 ఇచ్చిన రోజు ఆరింటిలో నాలుగు మూలకి ఒదిగి నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. వాసన చూడ్డం లేదు, కొరకడం లేదు. కళ్లు మాత్రం బాగా తెరుచుకునే ఉన్నాయి. వెనకెవరో తలుపు వేస్తే ఎగిరిపడ్డాయి. మత్తులో ఉన్న ఎలుక అలా ఎగరదు కదా. స్టీరియోటైపీ కాదు, నిద్రా కాదు. భయపడినట్టుంది.

రికార్డులో మత్తు అన్న మాట కొట్టేశాను. కెఫీన్ పెద్ద డోసులో బెదురు కలిగిస్తుందని, ఐతే వరస తప్పుగా పెట్టడం వల్ల లెక్క తగ్గుదల అంతా మందుదే అని చెప్పలేమని రాశాను. పార్ట్‌నర్ మొహం మాడ్చుకున్నాడు.

మూగప్రాణి | బుధవారం రాత్రి 10:48

ఆ భయం చూడ్డానికి నాలుగు రోజులు పొడిచారు. సరే, చూసి ఒప్పుకున్నారు, అది మెచ్చుకోవాలి.

ఫార్మా_పిల్ల | గురువారం సాయంత్రం 5:15

సార్ అంతా చదివారు. మళ్లీ నవ్వారు. సంతకం పెట్టకుండా పక్కన పెన్సిల్‌తో ఒకటే రాశారు: "నాలుగో రోజు సెలైన్ ఇచ్చి ఉంటే ఎంత తిరిగేవి?"

కొత్త ఎలుకలు అడగను. ఆ ఆరూ బతికే ఉన్నాయి, బాగానే తింటున్నాయి. ఎథిక్స్ కమిటీకి చిన్న మార్పు రాసిస్తున్నాను. పది రోజులు విశ్రాంతి ఇచ్చి, అవే ఆరింటికి నాలుగు రోజులు ఒట్టి సెలైన్ ఇచ్చి అదే పెట్టెలో లెక్క తీస్తాను. పెట్టె వాటికి ఇప్పటికే పాతది, ఆ లోటు ఉంటుందని కూడా రాస్తాను.

పాత_వాల్తేరు_మాస్టారు | గురువారం సాయంత్రం 6:00

బాగుంది. ఈసారి రెండు పనులు చెయ్యి. పెట్టెలో పెట్టాక మొదటి అరగంట లెక్కలోకి తీసుకోకు, సర్దుకోనీ. రెండోది, చుంచెలుకలకి పగలే రాత్రి. మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైటు కింద కూర్చోబెడితే వాటి తిరుగుడు వాటిది కాదు. ఎర్ర వెలుగు వాటి కంటికి పెద్దగా ఆనదు. సాయంత్రం ఎర్ర బల్బు కింద తియ్యి. ఏసీ ఒకే డిగ్రీ మీద ఉంచు, మే నెల ఉక్కపోతలో చేసిన లెక్క డిసెంబరు లెక్కతో కలవదు.

ఫార్మా_పిల్ల | గురువారం రాత్రి 7:40

ల్యాబ్‌లో ఎర్ర బల్బు లేదండి. స్టోర్స్‌లో అడిగితే ఇండెంట్ పెట్టమన్నారు, నెల పడుతుందట. జగదాంబ దగ్గర రెండు షాపుల్లో అడిగాను, అన్నీ తెల్ల ఎల్‌ఈడీలే చూపించారు.

గాజువాక_బావ | గురువారం రాత్రి 7:52

మా దేవుడి గూట్లో జీరో బల్బు ఎర్రది ఉంది. ఇంకోటి కొత్తది అట్టపెట్టెలో ఉంది, మా ఆవిడ దాసిపెట్టింది. రేపు బీ షిఫ్టు, పొద్దున్న మద్దిలపాలెం మీదుగా ఎళ్తాను. కాలేజీ గేటు కాడ ఇచ్చేమంటావా?

ఫార్మా_పిల్ల | గురువారం రాత్రి 7:58

బావగారూ, తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉంటాను. అక్కయ్యగారికి చెప్పే తెండి.